మార్చి సెలవుల్లో కరీబియన్ స్కూబా: ముగ్గురం వెళ్తున్నాం, ఏ దీవి మంచిది?

కృష్ణాతీరం (డల్లాస్):
అందరికీ నమస్కారం. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి వారం రోజులు కరీబియన్ దీవులకు వెళ్ళి డైవింగ్ చేద్దామని మా ఇంట్లో చాలా రోజులుగా అనుకుంటున్నాం. నేనూ మా ఆవిడా కొన్నేళ్ళ కిందట ఇండియా వెళ్ళినప్పుడు అండమాన్‌లో, హేవ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు డైవింగ్ కోర్సు చేశాం. ఆ తర్వాత ఆస్టిన్ దగ్గర లేక్ ట్రావిస్‌లో ఒకటి రెండు సార్లు దిగాం గానీ, అక్కడ చేయి చాపితే చేయి కనబడదు. మా అమ్మాయికి 12 ఏళ్ళు. ఈత బాగా వచ్చు, డైవింగ్ సర్టిఫికెట్ లేదు.

బెలీజ్ బ్లూ హోల్ ఫొటో చూసి ఇంట్లో ఇద్దరూ అదే కావాలంటున్నారు. నేను మెక్సికోలోని కోజుమెల్ దీవి, బొనేర్ దీవి కూడా చూస్తున్నాను. మా ఆవిడ పూర్తి శాకాహారి. ఇద్దరు పెద్దవాళ్ళు డైవ్ చేస్తే పిల్ల పడవ మీద ఒంటరిగా కూర్చోకూడదు, అది నా మొదటి షరతు. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి.

హ్యూస్టన్_శ్రీను:
అన్నా, కళ్ళు మూసుకుని కోజుమెల్ వెళ్ళండి. డల్లాస్ నుంచి రెండున్నర మూడు గంటల ప్రయాణం, ఖర్చు తక్కువ, నీళ్ళు అద్దంలా ఉంటాయి. అక్కడ అంతా డ్రిఫ్ట్ డైవింగ్. మీరు దిగితే చాలు, కరెంటే, అంటే సముద్రపు ప్రవాహమే, మిమ్మల్ని పలాంకార్, శాంటా రోసా అనే నిటారు పగడపు గోడల పక్కనుంచి తీసుకుపోతుంది, పడవ మీ బుడగలు చూసుకుంటూ వెనకాలే వస్తుంది. కాళ్ళకు తొడిగే ఫిన్ కొట్టే పనే ఉండదు. ఎక్కువగా ఆ దీవి చుట్టుపక్కలే కనబడే చేప ఒకటి ఉంది, స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్. రాయి కింద దూరి ఉంటుంది, రెక్కల అంచులు పసుపు పచ్చగా మెరుస్తాయి. డైవ్ మాస్టర్‌కి, అంటే వెంట వచ్చే గైడ్‌కి, ముందే చెప్పి పెట్టుకోండి, చూపిస్తాడు.

నీలిలోతు:
శ్రీను గారు చెప్పింది నిజమే, కోజుమెల్ అందం వేరు. కానీ కృష్ణాతీరం గారి కుటుంబానికి అది మొదటి ఎంపిక కాదని నా అభిప్రాయం. కరెంట్ మనల్ని మోస్తున్నంత సేపూ హాయిగానే ఉంటుంది. ఏదైనా తేడా వచ్చి ఒకచోట ఆగాలంటేనే కష్టం. పిల్ల మాస్క్‌లోకి నీళ్ళు వచ్చాయి, నీటి ఒత్తిడికి ఆవిడ ఒక చెవి తెరుచుకోలేదు, మీరు అప్పటికే కొంచెం ముందుకు వెళ్ళిపోయారు. బయాన్సీ, అంటే మునగకుండా తేలకుండా ఒకే లోతున నిలవడం, ఇంకా చేతికి రాని వాళ్ళకు గోడ పక్కన, కింద అడుగు కనబడని చోట ఇలాంటివి భయం పుట్టిస్తాయి.

బ్లూ హోల్ సంగతి. పై నుంచి తీసిన ఫొటో అది, నీళ్ళలో ఉన్నవాడికి ఆ దృశ్యం కనబడదు. 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతు ఉన్న పెద్ద గుండం. ఒకప్పుడు సముద్ర మట్టం తక్కువగా ఉన్న కాలంలో అది పొడి గుహ, తర్వాత పైకప్పు కూలి నీళ్ళు నిండాయి. లోపల చూడాల్సినవి ఆ గుహ కాలం నాటి స్టాలక్టైట్లు, అంటే పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు, అవి దాదాపు 40 మీటర్ల లోతున ఉన్నాయి. మీ సర్టిఫికెట్ హద్దు 18 మీటర్లు. 40 మీటర్ల దగ్గర ఉండగలిగేది కొద్ది నిమిషాలే, గాలి గబగబా అయిపోతుంది, నైట్రోజన్ మత్తు తలకెక్కుతుంది. పగడాలూ చేపలూ కూడా లోపల తక్కువ. దానికోసం పడవలో రానూపోనూ చాలా గంటలు. అదే ట్రిప్పులో హాఫ్ మూన్ కే అనే దీవి గోడ దగ్గర చేసే డైవ్ దానికంటే ఎన్నో రెట్లు నయం. పాపకు ఇప్పుడు అసలు వద్దు.

మీకు నేను చెప్పేది బొనేర్. వెనిజులాకు ఉత్తరాన, డచ్ వాళ్ళ కింద ఉన్న చిన్న ఎండు దీవి. 1979 నుంచే చుట్టూ ఉన్న సముద్రమంతా మెరైన్ పార్క్. తుపాన్ల దారికి దక్షిణంగా ఉంటుంది కాబట్టి ఏ నెలలో వెళ్ళినా పెద్దగా భయం లేదు. పడవతో పని లేకుండా డైవ్ చేయొచ్చు, అదే దాని గొప్పతనం. పికప్ ట్రక్ అద్దెకు తీసుకుని, వెనక ట్యాంకులు వేసుకుని, పడమటి తీరం వెంట రోడ్డు మీద పోతుంటే పక్కన పసుపు రంగు వేసిన రాళ్ళు కనబడతాయి. ఒక్కో రాయి మీద ఒక్కో డైవ్ సైట్ పేరు. నచ్చిన చోట బండి ఆపి, గేర్ వేసుకుని, నడుచుకుంటూ నీళ్ళలోకి దిగడమే. కొంచెం దూరం ఈదగానే రీఫ్ (పగడపు దిబ్బ) మొదలు. ఎవరి గడియారమూ తరమదు. పాప అలిసిపోతే వెనక్కి తిరిగి ఒడ్డుకు వచ్చేయొచ్చు.

అక్కడ హిల్మా హూకర్ అనే ఓడ ఉంది, 1984లో మునిగింది, దాదాపు 30 మీటర్ల లోతున పక్కకు ఒరిగి పడుకుని ఉంటుంది. తర్వాతి మెట్టు అడ్వాన్స్‌డ్ కోర్సు చేశాక దానికి వెళ్ళండి. సాల్ట్ పియర్ మాత్రం ఇప్పుడే చూడాలి, ఉప్పు ఓడలు ఆగే వంతెన స్తంభాల మధ్య ఎండ కిరణాలు దిగుతుంటే చేపల గుంపులు తిరుగుతుంటాయి. ఓడ వచ్చి ఆగి ఉన్నప్పుడు అక్కడ దిగనివ్వరు, ముందు రోజే కనుక్కోండి.

దిగిన మొదటి రోజే పార్క్ ఫీజు కట్టి, ఓరియెంటేషన్ విని, చెక్ డైవ్ (గేర్, బరువులు సరిచూసుకునే మొదటి డైవ్) చేయాలి, అది తప్పనిసరి. గ్లవ్స్ నిషేధం. బండిలో ఏమీ వదలకండి, అద్దాలు దించేసి తాళం వేయకుండా పోవడమే అక్కడి అలవాటు.

వైజాగ్_డైవర్:
నీలిలోతు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను ఋషికొండ వైపు దిగేవాడిని. మా దగ్గర నీళ్ళు మసకగా ఉంటాయి, అలల్లో పడవ ఊగుతుంది, దాని వల్ల ఒక మేలు జరిగింది, చేతికి క్రమశిక్షణ వచ్చింది. స్పష్టమైన నీళ్ళలో ఒక ప్రమాదం ఉంది. అడుగు దగ్గరే ఉన్నట్టు కనబడుతుంది, చూసుకోకుండానే లోతుకు పోతారు. లోతు చూపే గేజ్ మీద కన్ను ఉండాలి.

కృష్ణాతీరం గారూ, మీరిద్దరూ డల్లాస్‌లోనే ఏదైనా డైవ్ షాపు కొలనులో రిఫ్రెషర్ చేసి వెళ్ళండి. సెలవుల్లో మొదటి పూట దానికే పోతే బాధగా ఉంటుంది. పాపకు కూడా థియరీ, కొలను భాగం ఇక్కడే పూర్తి చేయించి, రిఫరల్ కాగితం తీసుకుని, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవులు అక్కడ చేయించండి. చన్నీళ్ళ సరస్సులో కంటే వెచ్చటి సముద్రంలో పిల్లలు తొందరగా కుదురుకుంటారు. 12 నిండితే జూనియర్ ఓపెన్ వాటర్‌తో పెద్దవాళ్ళ తోడుగా 18 మీటర్ల దాకా వెళ్ళొచ్చు. 10, 11 ఏళ్ళ వాళ్ళకైతే 12 మీటర్లే. ఒడ్డు దగ్గర మొదలుపెట్టి పది మీటర్లు దాటకుండా రెండు రోజులు తిప్పితే చాలు, ఆ తర్వాత వాళ్ళే మనల్ని లాక్కుపోతారు.

కృష్ణాతీరం:
ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. బ్లూ హోల్ ఇంట్లో చర్చించి పక్కన పెట్టేశాం. బొనేర్ మీదకు మనసు పోయింది, అద్దె ఇళ్ళు కూడా చూస్తున్నాను.

ఒక సంగతి చెప్పలేదు. నాకు హెచ్1 (ఉద్యోగ వీసా) ఎక్స్‌టెన్షన్ అయింది, ఐ-797 (దాని ఆమోద పత్రం) చేతిలో ఉంది, కానీ పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు అయిపోయింది. మా ఆవిడది నా మీద ఆధారపడిన హెచ్4 వీసా, అదీ అంతే. పాప ఇక్కడే పుట్టింది, దానికి అమెరికా పాస్‌పోర్ట్. దీవులకు ఐదారు రోజులు వెళ్ళి రావడానికి ఇది అడ్డమా?

పేపర్లు_ముందు (న్యూజెర్సీ):
అడ్డమే అండీ. టికెట్లు ఇంకా కొనకండి, ముందు ఇది చదవండి.

స్టాంపు గడువు అయిపోయాక దేశం దాటితే, తిరిగి రావడానికి కొత్త స్టాంపు కావాలి. దీనికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని ఒక మినహాయింపు ఉంది. హెచ్1, హెచ్4 వాళ్ళకు అది వర్తించేది కెనడాకు, మెక్సికోకు మాత్రమే, అదీ 30 రోజుల లోపు తిరిగి వస్తేనే, అక్కడ కొత్త వీసాకు అప్లై చేయకుండా ఉంటేనే. కరీబియన్ దీవులకు ఈ వెసులుబాటు ఎఫ్, జె (విద్యార్థి, ఎక్స్‌చేంజ్) వీసాల వాళ్ళకే ఇచ్చారు. యూనివర్సిటీ పిల్లలు బహామాస్ వెళ్ళొచ్చారని విని చాలామంది హెచ్1 వాళ్ళు తమకూ కుదురుతుందనుకుంటారు. కుదరదు. కాబట్టి బొనేర్, బెలీజ్, కేమన్, బార్బడోస్ ఏదైనా సరే, మీ ఇద్దరికీ ఇప్పుడు వద్దు.

కోజుమెల్ మెక్సికోలోదే కదా అంటారేమో. తిరిగి రావడానికి దారి ఉంది, వెళ్ళడానికి ఇంకో చిక్కుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళను మెక్సికో తన వీసా లేకుండా రానిచ్చేది చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లేదా గ్రీన్ కార్డ్ లాంటివి చూసి. గడువు దాటిన స్టాంపు దానికి పనికిరాదు. మీరు మెక్సికన్ కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. తీసుకుని వెళ్ళినా, తిరుగు ప్రయాణంలో కౌంటర్ దగ్గర ఎయిర్‌లైన్ వాళ్ళకు రీవాలిడేషన్ నియమం వివరించాల్సి రావచ్చు. పిల్లతో ఆ ఆందోళన ఎందుకు?

మీకు సరైనవి అమెరికా కింద ఉన్న దీవులు: ప్యూర్టోరికో, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్. నేరుగా వెళ్ళి నేరుగా వస్తే అది దేశం దాటినట్టు కాదు. వర్జిన్ ఐలాండ్స్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ వాళ్ళు కాగితాలు చూస్తారు. పాస్‌పోర్ట్‌లు, ఐ-797 ఒరిజినల్, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రింటు చేతి సంచిలోనే ఉంచుకోండి. ఇవన్నీ మారుతుండే నియమాలు, మీ కంపెనీ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

ఇంకొక్క మాట, ఇది చాలా ముఖ్యం. సెయింట్ థామస్, సెయింట్ జాన్ దీవుల నుంచి డైవ్ పడవలు ఆర్‌ఎంఎస్ రోన్ అనే ఓడ శిథిలాల దగ్గరకు వెళ్తుంటాయి. 1867 తుపానులో మునిగిన ఆ ఓడ ప్రపంచమంతా పేరున్న డైవ్. కానీ అది ఉన్నది బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో. పడవలో కాసేపు పోతే వచ్చే చోటే, అయినా వేరే దేశం. ఆ పడవ ఎక్కితే మీరు దేశం దాటినట్టే. ఎవరు ఎంత పిలిచినా ఎక్కకండి.

హ్యూస్టన్_శ్రీను:
స్టాంపు సంగతి తెలిశాక నేనూ కోజుమెల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్యూర్టోరికో ఐతే ఫ్లైట్లు బోలెడు. నైరుతి మూల లా పార్గేరా గోడ బాగుంటుంది.

పగడాల_సునీత:
లా పార్గేరా బాగుంటుంది శ్రీను గారూ, కానీ గోడ తీరానికి దూరం, పడవలో పోవాలి, కొన్ని రోజులు అలలు గట్టిగా ఉంటాయి. కొత్త డైవర్లు, 12 ఏళ్ళ పిల్ల, ఒడ్డు నుంచి దిగాలన్న కోరిక. ఈ మూడూ కలిపి చూస్తే నా జవాబు సెయింట్ క్రోయ్. యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో దక్షిణాన విడిగా ఉండే దీవి. 1917లో డెన్మార్క్ నుంచి అమెరికా కొనుక్కున్న మూడింటిలో ఇదే పెద్దది. క్రూయిజ్ షిప్పుల రద్దీ సెయింట్ థామస్‌తో పోలిస్తే చాలా తక్కువ.

నాకు ఆ దీవి అంటే ప్రాణం, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

పడమటి చివర ఫ్రెడరిక్‌స్టెడ్ అనే ఊరు. ఊరి ముందే పొడవాటి పియర్. ఎక్కువ రోజులు నీళ్ళు నిలకడగా ఉంటాయి, లోతు పెద్దగా లేదు, కరెంట్ అరుదు. స్తంభాలన్నీ ఎరుపు, నారింజ, ఊదా రంగుల స్పాంజ్‌లతో కప్పుకుపోయి ఉంటాయి. ఓపికగా చూస్తే సముద్రపు గుర్రాలు, ఫ్రాగ్‌ఫిష్ కనబడతాయి. గబగబా ఈదేసేవాళ్ళకు అక్కడ ఏమీ కనబడదు, ఒక స్తంభం దగ్గర పది నిమిషాలు ఆగాలి. పాప సముద్రపు డైవులు చేయడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. మీరిద్దరూ రాత్రి డైవ్ కూడా గైడ్‌తో ఇక్కడే చేయండి. ఆక్టోపస్‌లు వేటకు బయటికి వచ్చేది అప్పుడే.

ఉత్తర తీరంలో కేన్ బే. బీచ్ నుంచి ఈదుకుంటూ పోతే ఇసుక, తర్వాత పగడాలు, తర్వాత ఒక్కసారిగా గోడ. గోడ అంచు ఓపెన్ వాటర్ వాళ్ళకు అందే లోతులోనే ఉంటుంది, అక్కడి నుంచి కిందికి వేల అడుగులు. ఆ అంచు మీద తేలుతూ కిందికి చూడటం జీవితంలో ఒక్కసారైనా జరగాలి. కాకపోతే మార్చిలో అప్పుడప్పుడు అట్లాంటిక్ నుంచి ఉత్తరపు అలలు వచ్చి కొడతాయి, అలాంటి రోజున ఒడ్డు నుంచి దిగడం ప్రమాదం. పొద్దున్నే షాపు వాళ్ళను అడిగి, వద్దంటే పడమటి వైపుకు పోవడమే. చిన్న దీవి, ఈ చివర నుంచి ఆ చివరకు గంటలో చేరతారు.

సాల్ట్ రివర్ బే దగ్గర రెండు గోడలున్నాయి, పడవలో వెళ్తారు. 1493లో కొలంబస్ మనుషులు దిగింది ఆ బే దగ్గరే, ఇప్పుడది రక్షిత పార్క్. బక్ ఐలాండ్‌కి ఒక రోజు కేటాయించండి. అక్కడ స్నార్కెల్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ పైన తేలుతూ చూసే) దారి ఉంది, నీటి అడుగున పలకల మీద వివరాలు రాసి పెట్టారు. డైవింగ్ లేని రోజుకు సరిగ్గా సరిపోతుంది.

డ్రైవింగ్ మన ఊళ్ళో లాగే రోడ్డుకు ఎడమ వైపు. కార్లు మాత్రం అమెరికావి, స్టీరింగ్ కూడా ఎడమ వైపే. మొదటి రోజు పగటిపూటే నడపండి, మలుపుల దగ్గర పక్క సీటు వాళ్ళు నోరు తెరిచి చెప్పాలి.

ఇంక నా గుండెకు దగ్గరి విషయం. 2014లో ఫ్లోరిడాలో బయటపడిన పగడాల తెగులు, టిష్యూ లాస్ డిసీజ్ అంటారు, కరీబియన్ అంతా పాకింది. వర్జిన్ ఐలాండ్స్‌కు వచ్చింది, 2023లో బొనేర్‌కూ వచ్చింది. వందల ఏళ్ళుగా పెరిగిన మెదడు పగడం కొద్ది వారాల్లో తెల్లటి రాయి అయిపోతుంది. దానికి తోడు 2023 ఎండాకాలంలో సముద్రం విపరీతంగా వేడెక్కి చాలా చోట్ల పగడాలు తెల్లబోయాయి. పాత ఫొటోల్లో ఉన్న రీఫ్ మీకు అచ్చంగా అలా కనబడదు. అయినా వెళ్ళండి, మీ అమ్మాయికి చూపించండి. ఉన్నవాటిని కాపాడటానికి మన చేతిలో ఉన్నవి చేద్దాం. ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోయేటప్పుడు గేర్‌ను షాపు వాళ్ళు చెప్పిన మందు నీళ్ళలో ముంచి కడగండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్న సన్‌స్క్రీన్‌లు వర్జిన్ ఐలాండ్స్‌లో 2020 నుంచి నిషేధం. నిండు చేతుల రాష్‌గార్డ్ (ఈత చొక్కా) వేసుకుంటే క్రీమ్ అవసరమే తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బయాన్సీ. ఫిన్ తగిలితే పగడం విరుగుతుంది, అది మళ్ళీ ఒక వేలెడు పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

నీలిలోతు:
సునీత గారి పోస్టుకు నా ఓటు. బొనేర్ ఎక్కడికీ పోదు, స్టాంపింగ్ అయ్యాక వెళ్ళండి. అప్పటికి పాపకు అనుభవం వస్తుంది.

ఈఎన్‌టీ_అక్క:
అమ్మాయి గురించి ఒక మాట. ఈ వయసులో చెవుల ట్యూబులు పెద్దవాళ్ళంత సులువుగా తెరుచుకోవు. ఎలర్జీ ఉన్న పిల్లలకు మరీను. డల్లాస్‌లో మార్చి అంటే పుప్పొడి కాలం మొదలు. ప్రయాణానికి నెల ముందే ఒకసారి చెవులు చూపించండి. నొప్పి వచ్చాక చెవులు ఊదడం (ముక్కు మూసుకుని మెల్లగా గాలి వదిలి చెవులు తెరవడం) కాదు, తల నీళ్ళ కింద పెట్టగానే మొదలుపెట్టి, ప్రతి అర మీటరుకూ ఒకసారి మెల్లగా ఊదాలి. పడకపోతే కొంచెం పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించాలి, గట్టిగా ఊదకూడదు. జలుబు చేస్తే ఆ రోజు డైవ్ లేదు, అంతే. ముక్కు స్ప్రే కొట్టించి దించితే లోతులో మందు ప్రభావం తగ్గిపోయి, పైకి వచ్చేటప్పుడు గాలి చిక్కుకుపోతుంది.

మెడికల్ ఫారంలో ఆస్తమా, బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు ఏవి ఉన్నా దాచకండి. అక్కడికి వెళ్ళాక అవును అని టిక్కు పెడితే డాక్టర్ సంతకం లేకుండా దింపరు. ఆ సంతకం ఇక్కడే తీసుకుని వెళ్ళండి.

కృష్ణాతీరం:
అక్కా, మంచి మాట చెప్పారు, పాపకు వసంతకాలంలో తుమ్ములు ఎక్కువే. అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. నాకు కళ్ళద్దాలు ఉన్నాయి, నీళ్ళలో ఎలా? భోజనం సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

వైజాగ్_డైవర్:
పవర్ అద్దాలు బిగించిన మాస్క్ దొరుకుతుంది, షాపులో మీ నంబరు చెబితే చాలు. ఇక్కడే కొని కొలనులో వేసుకుని చూడండి. మిగతా గేర్ అద్దెకు తీసుకున్నా మాస్క్ ముగ్గురికీ సొంతది ఉండాలి. మార్చిలో నీళ్ళు 26 డిగ్రీల దగ్గర ఉంటాయి, మీకు 3 మిల్లీమీటర్ల సూట్ సరిపోతుంది, పాప సన్నగా ఉంటే నిండు సూట్ వేయండి. ముగ్గురికీ డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్క చూపే చేతి పరికరం) ఉండాలి, ఒకళ్ళది చూసి ఇంకొకళ్ళు పోకూడదు.

పగడాల_సునీత:
భోజనానికి వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి. బియ్యం, పప్పు, కూరగాయలు సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి, అంతా ఓడల మీద రావాలి కాబట్టి ధరలు డల్లాస్ కంటే ఎక్కువ. కందిపప్పు, పొడులు, చిన్న కుక్కర్ తీసుకెళ్ళండి. పొద్దున రెండు డైవులు చేసి వచ్చాక వేడి అన్నం, పప్పు, ఆవకాయ ఉంటే ఆ ఆకలికి ఏ రెస్టారెంటూ సాటి రాదు. దీవిలోని ఇంకో ఊరు క్రిస్టియన్‌స్టెడ్‌లో బయట తినడానికి శాకాహారం దొరుకుతుంది, కానీ రోజూ దాని మీదే ఆధారపడకండి.

కృష్ణాతీరం:
లాయర్ జవాబు వచ్చింది, సెయింట్ క్రోయ్‌కి నేరుగా వెళ్ళి రావచ్చని రాశారు. మయామీ మీదుగా టికెట్లు చూశాను. ప్లాన్ ఇలా అనుకుంటున్నాం: దిగిన రోజు విశ్రాంతి. తర్వాతి రెండు రోజులు పాపకు ఫ్రెడరిక్‌స్టెడ్‌లో సర్టిఫికెట్ డైవులు, మేమిద్దరం వంతులు వేసుకుని పక్కనే. నాలుగో రోజు బక్ ఐలాండ్. ఐదో రోజు ముగ్గురం కేన్ బే, ఆరో రోజు పొద్దున సాల్ట్ రివర్ పడవ, ఆ మర్నాడు పొద్దున 8 గంటలకు ఫ్లైట్. సరిగ్గా ఉందా?

నీలిలోతు:
రెండు మార్పులు. ఒకటి, వరసగా డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఆరో రోజు పడవ మధ్యాహ్నం 12కి వచ్చినా మీకు 20 గంటలే మిగులుతాయి, పడవ ఆలస్యమైతే అదీ ఉండదు. పాప కూడా ఉంది కాబట్టి నేను 24 గంటలు పట్టుకుంటాను. బక్ ఐలాండ్‌ను ఆరో రోజుకు జరిపి, సాల్ట్ రివర్‌ను నాలుగో రోజుకు తెండి. రెండు, సాల్ట్ రివర్‌లో అడుగు కనబడని గోడ పాపకు అప్పుడే వద్దు. ఒకరోజు మీరు, ఒకరోజు ఆవిడ వెళ్ళండి, లేదా ఆ పూట కూడా ముగ్గురూ పియర్ దగ్గరే గడపండి.

ఇంకా, డైవ్ ఇన్సూరెన్స్ ముగ్గురికీ తీసుకోండి. మామూలు హెల్త్ పాలసీలో చాంబర్ చికిత్స (డైవింగ్ జబ్బుకు ఒత్తిడి గదిలో చేసేది), వేరే చోటికి విమానంలో తరలించడం ఉంటాయని అనుకోవద్దు. డాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) వాళ్ళది ఏడాదికి తీసుకున్నా పెద్ద ఖర్చు కాదు. ఎమర్జెన్సీ నంబరు ఫోన్‌లోనే కాకుండా ఒక కాగితం మీద రాసి గేర్ సంచిలో పెట్టండి.

పేపర్లు_ముందు:
ఐ-94 ప్రింటు మర్చిపోకండి. రోన్ పడవ సంగతి మీ ఆవిడకు కూడా చెప్పి ఉంచండి.

కృష్ణాతీరం:
రెండు మార్పులూ చేశాను. సాల్ట్ రివర్ రోజున ముగ్గురం పియర్ దగ్గరే ఉంటాం, పాప అదే కావాలంది, సముద్రపు గుర్రం కనబడేదాకా రానంటోంది. వచ్చే శనివారం కొలనులో రిఫ్రెషర్ బుక్ చేశాను. అక్కడ పవర్ మాస్క్ కూడా కొంటాను. సునీత గారూ, మీరు వెళ్ళిన షాపు వాళ్ళు పిల్లల సైజు బీసీడీలు (ట్యాంకు తగిలించుకునే గాలి జాకెట్లు) అద్దెకు ఇస్తారా, ఇక్కడి నుంచే తీసుకుపోవాలా?

పగడాల_సునీత:
ఇస్తారు, కానీ స్ప్రింగ్ బ్రేక్‌లో చిన్న సైజులు ముందే అయిపోతాయి. ఈరోజే మెయిల్ పెట్టి పాప ఎత్తు, బరువు, చెప్పుల సైజు రాయండి, రాసిపెట్టుకుంటారు. షాపు పేరు మీకు విడిగా మెసేజ్ చేస్తాను.